భారం దిగిందా?

ఆడపిల్లల హాస్టలు, మెట్ల పక్క గది
వానలు మొదలైన వారం

అక్కా,

క్షేమం, క్షేమం, క్షేమం. మూడుసార్లు రాసేశాను, ఇక వచ్చే ఉత్తరంలో ఆ మాట అడక్కు.

మాకు కొత్త ప్రిన్సిపాలమ్మ వచ్చింది. వచ్చీ రాగానే నోటీసు బోర్డు నిండా రూల్సు. మెట్ల మీద నవ్వకూడదు. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అండీ?" అని అడిగిన పిల్లకి గంటసేపు క్లాసు పీకింది. గదిలో అద్దం అరచేతికన్నా పెద్దది ఉండకూడదు. జడ విప్పుకుని వరండాలోకి రాకూడదు. సినిమా పాట కూనిరాగం కూడా తీయకూడదు. నయం, ఉత్తరాలు విప్పి చదవరు. మాకు మిగిలిన స్వతంత్రం అదొక్కటే.

ఇంకోటి విను. ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పడం మహాపాపమంది. అబ్బ, బతికాం అనుకున్నాం. చాడీ చెప్పకూడదు గానీ 'భారం' పెట్టొచ్చట! శుక్రవారం సాయంత్రం చాపెల్లో కూడిక. ఎవరైనా లేచి, "ఫలానా సహోదరి విషయమై నా మనసులో భారం ఉంది" అని, అదేమిటో చెప్పాలి. ఆ పిల్ల మధ్యలోకి వచ్చి మోకాళ్ళూనాలి. అందరం చుట్టూ చేరి తల మీద చేతులేసి ప్రార్థిస్తాం. ఆ పిల్ల మాత్రం నోరెత్తకూడదు. తన కోసం ప్రార్థన చేస్తుంటే ఎదురు చెప్పేదేముంది? అంతా అయ్యాక ప్రిన్సిపాలమ్మ అడుగుతుంది, "భారం దిగిందా?" అని. "దిగింది" అంటే భోజనం గంట కొడతారు. "లేదు" అంటే మళ్ళీ మొదలు. ఇక దిగదని ఆవిడకి తోచేదాకా ఎవరికీ మెతుకు ముట్టదు.

మొన్న మా లావుపాటి పాటగత్తె మీద పెట్టారు, స్నానాల గదిలో సినిమా పాట పాడిందని. దాని మోకాళ్ళు నేలకి ఆనాయో లేదో "దిగిందండీ, పూర్తిగా దిగింది" అనేసింది. నవ్వాపుకోలేక చచ్చాం.

అసలు సంగతి మర్చిపోయాను. ఈ ఏడాది చివర మా క్లాసులో ఒకరిని 'హాస్టలక్క'గా పెట్టుకుంటారట. చిన్న క్లాసు పిల్లల్ని చూసుకోవాలి. అందుకు సొంత గది, తిండి, టీచరు ట్రైనింగు రెండేళ్ళూ ఉచితం. నా గదిలో ఉంటుందే పిచ్చుక, దానికే ఇస్తారని అందరూ అంటున్నారు. దానికి కాకపోతే నాకేనట. చూద్దాం.

నీ పొట్టి


కళ్ళద్దాల షాపు, పై గది

ఒసేయ్ పొట్టీ,

"దానికి కాకపోతే నాకేనట, చూద్దాం." ఆహా! ఎంత పెద్ద మనసే నీది! ఏం చూస్తావు? ఈ ఏడాదితో నీ చదువు సరి, ఆ పైన చదివించడం నా వల్ల కాదని నిరుడే చెప్పాను. ఆ హాస్టలక్క పని రాకపోతే ఇక్కడికొచ్చి నా పక్కన స్టూలేసుకుని, పదిమంది చెమటా జిడ్డూ పట్టిన కళ్ళజోళ్ళు తుడవాలి. ఇవాళ ఒక పెద్దమనిషి జోడు నెత్తి మీద పెట్టుకుని వచ్చి, మేమే పోగొట్టామని నన్ను నానా మాటలూ అన్నాడు. నేనే తీసి ఆయన ముక్కు మీద పెట్టాను. కళ్ళు చికిలించి చూసి, "ముందు మీ మొహం ఇంత ముసలిగా లేదే" అన్నాడు. ఇదీ ఇక్కడి వైభోగం. కావాలా నీకు?

అమ్మ చనిపోయిన నెలలోనే నేను చదువు మానేసి ఈ షాపులో కూర్చున్నాను. దెప్పుతున్నానా? అవును, దెప్పుతున్నాను. దెప్పే హక్కు కూడా లేకపోతే ఇంత చాకిరీ ఎందుకు చేసినట్టు?

ఆ పిచ్చుకలో వాళ్ళు ఏం చూశారో, అది ఎలాంటిదో వివరంగా రాయి.

కొళాయి బాగైంది. కింద అద్దాలు అరగదీసే ఆయన వచ్చి చేసిపెట్టాడు. మనిషి మాట్లాడడు, పని చేస్తాడు.

మీ అక్క


హాస్టలు

అక్కా,

పిచ్చుక గురించి ఏం రాయను? పిట్టంత మనిషి. పొద్దున్నే కిచకిచమంటుంది. ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్కన అదే. నాకు లెక్కలు రాకపోతే విసుక్కోకుండా చెప్తుంది. నువ్వు ఒక్కనాడైనా విసుక్కోకుండా చెప్పావా?

నిన్న దుప్పట్లు ఉతికి, చెరో కొసా పట్టుకుని పిండుతున్నాం. పిండుతూ పిండుతూ అది ఆగిపోయింది. "నీకు ప్రార్థన చేస్తుంటే ఎవరో వింటున్నట్టుంటుందా?" అనడిగింది. ఉంటుంది, ఎందుకుండదు అన్నాను. "నేను ఊరికే పెదాలు కదుపుతానంతే. ఏడాది నుంచీ అవతల ఎవరూ లేనట్టే ఉంది. చాలా ప్రయత్నించాను" అంది. ఏడ్చింది. నీళ్ళు కారే దుప్పటి నా పాదాల మీద పడిపోయింది. అలాగే నిలబడి దాన్ని పట్టుకున్నాను. నేను తప్ప ఇంకెవరికీ చెప్పలేదట. నాకూ చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? పాపం అక్కా, ఎంత భయపడిపోయి ఉందో! దానికి ఏం చెప్పి ధైర్యమివ్వాలో నువ్వైనా రాయి.

పొట్టి


పై గది

పొట్టీ,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దేవుడు నీ గుమ్మం ముందుకు తెచ్చి పెడితే, నువ్వు దాన్ని పట్టుకుని ఏడుస్తావా?

ఆలోచించు. నమ్మకం లేని పిల్ల రేపు చిన్నపిల్లలకి ప్రార్థన నేర్పుతుందా? ఆ పదవికి అది తగదు. ఇది నేను అల్లిన మాట కాదు, అది నోరారా చెప్పిన మాట. చాడీ చెప్పమనడం లేదు నేను, అది తప్పని నాకూ తెలుసు. భారం పెట్టు. నిజంగానే నీకు భారంగా ఉంది కదా? అదే చెప్పు. మెల్లగా చెప్పు, ఏడుపొస్తే ఆపుకోకు. దాన్ని ఎంత ప్రేమిస్తున్నావో ముందు చెప్పి, తర్వాత సంగతి చెప్పు. అప్పుడు నిన్నెవరూ వేలెత్తి చూపించరు. అది "దిగింది" అనేస్తుంది, అందరూ భోంచేస్తారు. కానీ ప్రిన్సిపాలమ్మ చెవిన పడాల్సింది పడుతుంది.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు. నేను గోరే చూపిస్తున్నాను.

అక్క


హాస్టలు

అక్కా,

నువ్వు మనిషివేనా?

పిచ్చుక నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను. నీకు రోగం ఎక్కడుందో దానికేం తెలుసు?

ఆ కొళాయి ఆయన గురించి మూడు ఉత్తరాల క్రితం కూడా ఒక మాట రాశావు, గొడుగు మర్చిపోతే ఇచ్చాడని. ఎవరాయన? అడిగానని చెప్పి మళ్ళీ నా మీద విరుచుకుపడకు.

నేను


పై గది
చలి

నా పొట్టికి,

మనిషినే. మనిషిని కాబట్టే నీకు మంచినీళ్ళు పోసి, జడలేసి, నీ దగ్గుకి నేను మేలుకుని, నా పెళ్ళి సంబంధం తప్పిపోతే పోనిమ్మని ఊరుకున్నాను. "చెల్లెలు కూడా వెంట వస్తుందా?" అనడిగారు వాళ్ళు. వస్తుంది అన్నాను. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్పానంటే, నువ్వు నన్ను మనిషివేనా అన్నావు కాబట్టి.

నువ్వడిగావు కనుక ఆయన సంగతి చెప్తాను. కడుపులో పెట్టుకో. ఆయన భార్య చాలా ఏళ్ళ క్రితం వదిలేసి వెళ్ళిపోయింది. విడాకుల కాగితం లేదు, ఆవిడ ఎక్కడుందో తెలిస్తే కదా కాగితం! ఆదివారం సాయంత్రం వస్తాడు. టీ తాగుతాడు. నేను మాట్లాడుతుంటే వింటాడు. పొట్టీ, నేను మాట్లాడుతుంటే వినేవాళ్ళు నాకు ఎప్పుడున్నారే? మొన్న వానలో ఇద్దరం ఒకే గొడుగు కింద వచ్చాం. ఆయన కుడి భుజం మొత్తం తడిసిపోయింది, నా మీద చుక్క పడలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. సంతోషంతోనే. నవ్వుకో.

చర్చిలో తెలిస్తే, ఆదివారం నేను పిల్లలకి చెప్పే బైబిలు క్లాసు తీసేస్తారు, పదిమందీ పది రకాలుగా అంటారు. కాబట్టి నీ నోట్లో నువ్వుగింజ నానాలి, సరేనా.

నువ్వు ట్రైనింగులో చేరి నీ కాళ్ళ మీద నిలబడితే, నాకూ ఒక బతుకుందేమో చూసుకుంటాను. నువ్వు తిరిగొచ్చి ఈ ఒక్క గదిలో పడుకుంటే ఆయన టీ కూడా ఉండదు. ఇంతకన్నా విప్పి చెప్పలేను. శుక్రవారం వస్తుంది, పోతుంది. నీ ఇష్టం.

అక్క


హాస్టలు

అక్కా,

పెట్టాను.

లేచి నిలబడేదాకా పెడతానని అనుకోలేదు. నువ్వు చెప్పినట్టే, ముందు దాన్ని ఎంత ప్రేమిస్తున్నానో చెప్పాను. ఏడుపు దానంతటదే వచ్చింది. నా కన్నీళ్ళు చూసి ముందు వరసలో ఇద్దరు ఏడ్చారు. ప్రిన్సిపాలమ్మ నా వైపు చూసిన చూపు ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పిచ్చుక మధ్యలోకి వచ్చింది. నన్నొకసారి చూసింది. కోపంగా కాదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేకపోతే ఎలా చూస్తాం, అలా.

"భారం దిగిందా?"

"లేదండీ" అంది.

ఇప్పటిదాకా ఆ మాట ఎవరూ అనలేదు! మళ్ళీ ప్రార్థించాం. మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదంది. వంటింట్లోంచి వాసనలొస్తున్నాయి, పిల్లల కడుపులు గుర్రుమంటున్నాయి. ఏడోసారి కూడా లేదంది. చివరికి ప్రిన్సిపాలమ్మే లేచి, వచ్చే శుక్రవారం కొనసాగిద్దాం అంది. చల్లారిన భోజనం తిన్నాం.

ఆ తర్వాతి శుక్రవారం ఇంకా ఆలస్యమైంది. ఆ పైవారం ఇంకా. తల మీద చెయ్యి వేసి ప్రార్థించాలి కదా, కొందరు గోళ్ళు దించుతున్నారు. పైకి "ప్రభువా, ఈ బిడ్డను కరుణించు" అనే అంటున్నారు. దాని పరుపు మీద ఎవరో బకెట్టెడు నీళ్ళు కుమ్మరించారు. పాటగత్తె, నవ్వించే పాటగత్తె, భోజనాల బల్ల దగ్గర దాని కంచం తీసి నేల మీద పెట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నన్ను చూస్తారు.

గదిలో బతిమాలాను. "ఒక్క మాటే, దిగిందని అనేయ్, అబద్ధమే అనుకో, ఏం పోయింది?" అన్నాను. అది జడ అల్లుకుంటూ, "నువ్వు చెప్పింది నిజమే కదా. కాదని నేనెలా అనగలను?" అంది. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. లెక్కలు అడిగితే మాత్రం చెప్తోంది. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది అక్కా. తిట్టొచ్చు కదా!

ఒకటి చెప్పనా, నన్ను తిట్టకు. అందరూ నాకు దారి ఇస్తున్నారు. కూడికలో మొదటి ప్రార్థన నాతోనే చేయిస్తున్నారు. బాగుంది. సిగ్గుగానూ ఉంది, బాగానూ ఉంది.

పొట్టి


పై గది

పొట్టీ,

నేను చెప్పింది ఇది కాదు. ఒక్క శుక్రవారం అనుకున్నాను. అంత మొండిదని నాకేం తెలుసు? దాని ఖర్మ! ఎలాగైనా "దిగింది" అనిపించు. కంచం నేల మీద పెట్టడం ఏమిటే, అసహ్యం. ఇక చాలు. నీ పని అయింది కదా, ఆపు.

అక్క


హాస్టలు
ఎండలు ముదరకముందు

ప్రభువునందు ప్రియమైన అక్కకు వందనాలు.

మన సహోదరి పిచ్చుక చదువు మానుకుని వెళ్ళిపోయింది. లారీ నడిపే వాళ్ళ మావయ్య వచ్చి తీసుకెళ్ళాడు. ప్రిన్సిపాలమ్మ గారు ఆయనకి మర్యాదగా కుర్చీ వేసి మాట్లాడారు. ఆయన మాత్రం నిలబడే, "మా పిల్ల తలలో ఈ గాట్లేమిటమ్మా?" అని అడిగాడట. అక్షరం ముక్క రాని మనిషి, ప్రార్థన గురించి ఏం తెలుస్తుంది? దాని కోసం మేమింకా ప్రార్థిస్తూనే ఉన్నాం. ఇప్పుడు గది విశాలంగా ఉంది.

నువ్వు ఆపమన్నావు. ఆపడానికి ఇది నా చేతిలోది కాదక్కా. ఆత్మల పని.

హాస్టలక్క నియామకం దగ్గరకొచ్చింది. ప్రిన్సిపాలమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి టీ ఇచ్చారు. హాస్టలక్కకి తన సాక్ష్యమే, అంటే నడవడే కాదు, ఇంటి సాక్ష్యం కూడా బాగుండాలట. "మీ ఇంట్లో భారం ఏమైనా ఉందా?" అని అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను.

ఆయన ఇంకా వస్తున్నాడా? ఆదివారాలేనా, మిగతా రోజులు కూడానా? మన చర్చికి వస్తాడా? ఊరికే అడుగుతున్నాను.

నీ చెల్లెలు


పై గది

నా బంగారు పొట్టీ,

కోప్పడదామని కూర్చున్నాను, ఆ చివరి ముక్క చూసి చల్లబడ్డాను. మొదటిసారి ఆయన గురించి తిన్నగా అడిగావు. మిగతా రోజులు కూడా వస్తున్నాడే, దాచడం ఎందుకు! గురువారం వచ్చి కిటికీ తలుపు బిగించాడు. బిగించాల్సినంత వదులేం కాలేదు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

చర్చి మొహం ఎరగడు. కానీ ఈ ఆదివారం వస్తానన్నాడు, నా కోసం. చివరి బెంచీలో కూర్చుంటాడట. చొక్కా ఇస్త్రీ చేసిస్తానంటే సిగ్గుపడ్డాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ప్రిన్సిపాలమ్మకి ఇంట్లో ఏ భారమూ లేదని చెప్పేయ్.

అక్క


పై గది
ఆదివారం తర్వాత

ఏమే,

నీకు సంబోధన కూడా రాయబుద్ధి కావడం లేదు.

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ జోడు నేను బిగించిందే. "మన సంఘంలోని ఒక సహోదరి విషయమై ఆమె సొంత చెల్లెలు కన్నీళ్ళతో భారం పెట్టింది. కాలేజీ ప్రిన్సిపాలమ్మ గారు మనకు తెలియజేశారు" అన్నారు. ఎవరో పాపం అనుకున్నాను. ఒట్టు, నా పక్కావిడ చెయ్యి పట్టుకుని "ఎవరండీ?" అని కూడా అడిగాను. అప్పుడు నన్ను ముందుకు రమ్మని, మీ హాస్టలు పద్ధతిలోనే మోకాళ్ళూనమన్నారు.

అంతా చెప్పారే. గొడుగు, టీ, ఆదివారాలు, వెళ్ళిపోయిన భార్య. నా నోటితో నీకు చెప్పుకున్న మాటలు వేరేవాళ్ళ నోట విన్నాను. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. నేను క్లాసు చెప్పే పిల్లలు ముందు వరసలో నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గోళ్ళు నాకూ దిగాయి.

"భారం దిగిందా?"

లేదు అనాలనుకున్నాను. పిచ్చుక ఏడుసార్లు అన్న మాట, నేను ఒక్కసారి అనలేనా అనుకున్నాను. నోరు తెరిచాను. "దిగింది" అన్నాను. అందరికీ వినపడేలా, గట్టిగా. వెనక బెంచీ కిర్రుమంది. తలెత్తి చూసేసరికి ఇస్త్రీ చొక్కా వీపు తలుపులోంచి బయటికి వెళ్తోంది.

సోమవారం షాపుకి రాలేదు. పనిముట్లు తీసుకుని ఇంకో ఊళ్ళో షాపుకి వెళ్ళిపోయాడని ఓనరు చెప్పాడు. నా గురించి ఒక్క చెడ్డ మాట అనలేదట. అంటే బాగుండేది. పిల్లల క్లాసు ఇంకొకావిడకి ఇచ్చారు.

ఏకు మేకై కూర్చున్నావు కదే! ఏడుస్తూ పెట్టమని నేర్పింది నేనే, ప్రేమిస్తున్నానని ముందు చెప్పమన్నదీ నేనే. నా మీద పెట్టినప్పుడు కూడా ముందు ఆ మాట చెప్పావా? చెప్పే ఉంటావు. ఎవరి పెంపకం!

విను. నేను చెప్పింది అబద్ధం. నాకు ఏమీ దిగలేదు, దిగదు. ఓనరు దగ్గర ఆయన అడ్రసు ఉంది. ఇవాళే రాస్తాను. భయపడి అన్నానని, వచ్చేయమని, చర్చి గిర్చి జాన్తా నై అని రాస్తాను. నీకు పదవి వస్తే నెత్తిన పెట్టుకుని ఊరేగు.

మీ అక్క కాదు


హాస్టలక్క గది

ప్రభువునందు ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చేరింది. పై అడ్రసు చూశావు కదా, నిన్ననే ప్రకటించారు. ఇంటి భారాన్ని కూడా దాచుకోని పిల్ల అని ప్రిన్సిపాలమ్మ గారు అందరి ముందూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. నువ్వు "దిగింది" అన్న సంగతి పాస్టరుగారి ఉత్తరంలోంచి చదివి వినిపిస్తే అందరూ స్తోత్రం చెప్పారు. గదికి రెండు కిటికీలున్నాయి. నువ్వు చూస్తే సంతోషిస్తావు.

అవును, నిన్ను ప్రేమిస్తున్నానని ముందు చెప్పాను. అది అబద్ధం కాదు. అంతలా ఎప్పుడూ ఏడవలేదు నేను. కానీ నేను పెట్టకపోతే ఎవరో ఒకరు తవ్వి తీసేవాళ్ళు. నాకు ఆ స్టూలు వద్దక్కా. నువ్వే కదా వద్దన్నావు.

ఆయనకి ఉత్తరం రాయొద్దు. రాశావని తెలిస్తే నువ్వు సంఘం ముందు అబద్ధమాడావని నేను చెప్పాల్సి వస్తుంది. అప్పుడు పాస్టరుగారు నిన్ను మళ్ళీ నిలబెడతారు, ఈసారి ఒక్కసారి అడిగి వదిలిపెట్టరు. నువ్వు పిచ్చుకవి కాదు, మూడో వారం దాకా కూడా ఓర్చుకోలేవు. నీ మేలు కోరే చెప్తున్నాను.

వేసవికి ఇంటికి రాను. హాస్టలక్క సెలవుల్లో ఇక్కడే ఉండాలి.

నీకు కోపం వస్తుందని తెలుసు. వస్తే మాత్రం ఏం చేస్తావు? నన్ను పెంచింది నువ్వు, నిన్ను చూస్తూ పెరిగింది నేను. రెండు రోజులు పొయ్యి వెలిగించవు, మూడో రోజు దుప్పటి ముసుగు తీసి నాకు ఉత్తరం రాయడానికి కూర్చుంటావు, ఎందుకంటే ఇక నీకు రాసుకోవడానికి ఎవరూ లేరు. రాయి. నేను జవాబిస్తాను. అందులో ఆయన మాట మాత్రం ఉండకూడదు.

ప్రభువునందు నీ సహోదరి